నెహెమ్యా దోసిట్లో కళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, ఆ పుట్టగొడుగులు వండింది నేను. వద్దని చెప్పిన మనిషిని తిట్టి మరీ వండాను. తర్వాత జరిగినదాంట్లో గట్టమ్మ తల్లి పాత్ర ఎంతో నాకు తెలియదు. నా పాత్ర ఎంతో మాత్రం తెలుసు.

నా పేరు మంగాయమ్మ. ఏలూరు దాటి కొల్లేరు వైపు వస్తే మా ఊరు. ఊరి చివర దివాణం, దాని వెనక రాజావారి తోట, తోట గట్టు దిగితే చేపల చెరువులు. దివాణంలో ముప్ఫై ఏళ్ళుగా వంట నాదే. ఇప్పుడక్కడ కాపురం ఉండేవాళ్ళు లేరు. నరసింహరాజుగారు ఏలూరులో ఉంటారు. ఆదివారం కారులో వచ్చి, తోటంతా ఒకసారి తిరిగి, నా చేతి భోజనం చేసి వెళ్ళిపోతారు. మిగతా ఆరు రోజులూ ఆ పెద్ద కొంపలో నేను, తోటలో నెహెమ్యా. అతను తోటమాలి. గేటు పక్క రేకుల షెడ్డులో పెళ్ళాం విక్టోరియాతో ఉండేవాడు. నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. నెహెమ్యాకి ఎంత తిట్టినా కోపం రాదు. అది చూసి నాకు ఇంకా మండేది.

ఈ ఏడు గులాబీలు నీరసించాయని నెహెమ్యా కొత్త వైద్యం మొదలుపెట్టాడు. మళ్ళలో గేదె పేడ మందంగా పరిచి, దాని మీద పెదవేగి వైపు నుంచి ట్రాక్టరు మీద తెప్పించిన పామాయిలు గెలలు కప్పాడు. గింజ తీసేసిన ఉత్త గెలలు. వానలు పడగానే ఆ గెలల మీద పుట్టగొడుగులు లేస్తాయి. బూడిద రంగువి, మెత్తగా మాంసంలా ఉంటాయి. పెదవేగి వైపు కూలికి వెళ్ళే ఆడవాళ్ళు వాటికోసం పొద్దున్నే పోటీలు పడతారు. మా ఊళ్ళో కూడా వాటి రుచి తెలియనివాళ్ళు లేరు.

ఆషాఢం మొదటి ఆదివారం పొద్దున్న నెహెమ్యా వంటింటి వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. దోసిటి నిండా పుట్టగొడుగులు. పసుపుపచ్చని గుండ్రటి తలలు, ఒక్కోదాని నడుమ గోధుమరంగు చుక్క. కాడలు అతని వేళ్ళు తగిలినచోట నేరేడుపండు మరకలా నీలమెక్కాయి. మా అమ్మాయి సాయిదుర్గ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తి చాలాసేపు ఆ దోసిటికేసి చూసింది.

"ఇవి గెలల మీదవి కాదండీ. కింద పేడలోంచి వచ్చినయ్యి" అన్నాడు నెహెమ్యా. "మీరు తోటలోకి వచ్చి కోసుకుంటారేమోనని చూపిద్దామని తెచ్చాను. వీటి జోలికి వెళ్ళకండమ్మగారూ. మొన్న ఇవి మేసిన మేక పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ప్రహరీ గోడకేసి చూస్తా నిలబడిపోయింది."

"మేకకి వంట వచ్చా? పసుపేసి వండుకుందా?" అన్నాను.

మాకొక పద్ధతి ఉంది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పుట్టగొడుగుల్ని పసుపు నీళ్ళలో ఉడికిస్తే, విషం ఉంటే పసుపు నల్లబడుతుంది. లేకపోతే పచ్చగానే ఉంటుంది. ఆ పరీక్షతో నలభై ఏళ్ళు వండాను, ఒక్కరికి కడుపునొప్పి రాలేదు. నా వంటింటి గుమ్మంలో నిలబడి నాకు పుట్టగొడుగుల సంగతి చెబుతాడా అని ఒళ్ళు మండిపోయింది. దోసిట్లోవి చేటలోకి లాక్కున్నాను.

"మీ ఇష్టమండీ" అని చేతులు పంచెకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

పసుపు నల్లబడలేదు. అల్లం వెల్లుల్లి వేసి కమ్మగా వండాను. రాజుగారు పుట్టగొడుగు ముట్టరు, ఆయనకి కోడి వేరే ఉంది. ఆ కూర మా అమ్మాయికోసమే చేశాను. అది నాలుగు నెలలుగా సరిగ్గా తినడంలేదు.

దాని సంగతి చెప్పాలి. సాయిదుర్గని తాడేపల్లిగూడెం ఇచ్చాం. అల్లుడు భానుప్రకాష్ రైసుమిల్లులో సూపర్‌వైజరు. చెడ్డవాడు కాదు, కానీ ఎదురు మాట పడదు. నా కూతురికేమో నా నోరు వచ్చింది. ఫాల్గుణంలో ఏదో మాటకి మాట పెరిగి, దాన్ని తెచ్చి మా ఇంటి అరుగు మీద దింపి, "మీ నోరు మీ దగ్గరే ఉంచుకోండి అత్తయ్యగారూ" అని బండెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత ఫోను ఎత్తలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు చెరువు గట్టు మీద నన్ను ఆపి, ఎన్నాళ్ళుంటుంది అమ్మాయి అని అడిగేవారు. ఇంకెవరైనా అయితే నాలుగు కడిగేసేదాన్ని. కూతురి సంగతి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు.

ఆ రోజు సాయిదుర్గ రెండుసార్లు కలుపుకుని తింది. నేను ఉప్పు చూడ్డానికి రెండు ముక్కలు నోట్లో వేసుకున్నాను, అంతే.

తోట చివర గట్టు మీద వేపచెట్టు కింద గట్టమ్మ రాయి ఉంది. చైత్రంలో జాతర నాడు దివాణం పెట్టెలోంచి వెండి కళ్ళు తెచ్చి, మైనంతో ఆ రాతికి అతికిస్తారు. సాయంత్రం మళ్ళీ తీసి పెట్టెలో పెడతారు. ఈ ఏడు జాతరలో తీసేవేళకి కళ్ళు లేవు. తోటంతా వెతికారు, పక్క చెరువు కూడా తోడించారు, దొరకలేదు. ఆ తర్వాత రెండు చెరువుల్లో చేపలు చచ్చి తేలాయి. కళ్ళు పోయిన తల్లి ఊరిని చూడటం మానేసిందని అందరి గుండెల్లో బెంగ. ఆషాఢం ఆదివారాలు ఆడవాళ్ళు నైవేద్యాలు పట్టుకుని తోటలోకి వచ్చేది అందుకే.

ఆ మధ్యాహ్నం సాయిదుర్గ కూడా కుండ ఎత్తుకుని వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను. వేపచెట్టు దగ్గరకి వెళ్ళేసరికి దాని నడక మారింది. కుండ దింపి, రాయికేసి చూసి నవ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఏడ్చింది. చెట్టు ఊపిరి తీస్తోందంది. డప్పులవాళ్ళు ఊరుకుంటారా, వాయించారు. ఎవరో దాని నెత్తిన పసుపునీళ్ళ బిందె కుమ్మరించారు. ఎవరో వేపరెమ్మ చేతిలో పెట్టారు. జుట్టు విడిపోయి, కళ్ళు ఇంతింత చేసుకుని ఊగుతోంది నా కూతురు.

ఊరి పెద్దాయన ముందుకొచ్చి చేతులు జోడించాడు. "తల్లీ, నీ కళ్ళెక్కడున్నాయమ్మా?"

సాయిదుర్గ చుట్టూ చూసింది. "నెహెమ్యా దోసిట్లో ఉన్నాయి" అంది. "రెండు చేతుల్నిండా కళ్ళు. రెప్పలు వాలుస్తున్నాయి. నన్నే చూస్తున్నాయి."

డప్పు ఆగిపోయింది. నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. ఎందుకంటే రెండు ముక్కల పాపానికి నాకూ కాస్త తల తిరుగుతోంది. కుండలో అన్నం మెతుకులు కదులుతున్నట్టున్నాయి. పొద్దున్న ఆ దోసిట్లో పచ్చటి తలలు, నడుమ చుక్కలు. అది చూసింది వాటినే. నా కూతురు తిన్నది నెత్తికెక్కి మాట్లాడుతోంది తప్ప, అక్కడ వేరే ఎవరూ లేరు.

నెహెమ్యాని పట్టుకొచ్చారు. గునపం చేతిలోనే ఉంది పాపం. విషయం చెబితే ముందు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కంగారు కూడా పడలేదు.

"అయ్యి పుట్టగొడుగులండీ" అన్నాడు. "పొద్దున్న దోసిట్లో పట్టుకొచ్చాను, అమ్మాయిగారు చూశారు. పేడలోవి, తినకూడదని చెప్పాను కూడానండీ. మంగాయమ్మగార్ని అడగండి."

అందరూ నాకేసి తిరిగారు. రాజుగారు కూడా అప్పటికి భోజనం ముగించి గట్టు దాకా వచ్చారు. నా కూతురి కాళ్ళ దగ్గర పదిమంది ఆడవాళ్ళు పడి ఉన్నారు. నిన్నటిదాకా ఎన్నాళ్ళుంటుంది అమ్మాయి అని అడిగినవాళ్ళే. వాళ్ళలో ఒకామె కొంగుతో దాని పాదాలు తుడుస్తోంది. నిజం చెబితే ఆ పాదాలు ఏమవుతాయి? దివాణం వంటింట్లో విషం వండిన మంగాయమ్మ, మత్తెక్కి అమ్మవారి వేషం కట్టిన కూతురు. ఇంక భానుప్రకాష్ ఈ గుమ్మం తొక్కుతాడా? ఇదంతా ఒక్క నిమిషంలో లెక్క వేసుకున్నాను. నెహెమ్యా నాకేసి నమ్మకంగా చూస్తూ నిలబడ్డాడు.

"ఏం పుట్టగొడుగులు? నాకేం తెలీదు" అన్నాను.

నెహెమ్యా తల దించుకున్నాడు. అప్పుడైనా నన్నొక మాట అనలేదు. అంటే బావుండేది.

వాళ్ళ షెడ్డు పెళ్ళగించారు. గులాబీ మళ్ళన్నీ తవ్వారు. కళ్ళు దొరకలేదు, దొరకవు కదా. స్టేషన్‌లో రెండు రోజులు కూర్చోబెట్టి పంపించారు. రాజుగారు నాతో, "నాకు నమ్మకం లేదు మంగాయమ్మా. కానీ ఊరంతా నమ్మితే నేనేం చెయ్యను" అన్నారు. ఆ నోటితోనే నెహెమ్యాని ఇంక తోటలోకి రావద్దన్నారు. విక్టోరియా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుంది. నెహెమ్యా తన కత్తెర ఒక్కటీ పట్టుకున్నాడు. పెదవేగి పామాయిలు తోటల్లో కూలికి వెళ్ళారని తెలిసింది.

మూడోనాడు అల్లుడొచ్చాడు. కొబ్బరికాయ, పళ్ళు, పసుపు చీర తెచ్చాడు. సాయిదుర్గ ముందు చేతులు కట్టుకుని, "తెలియక తప్పు చేశాను" అన్నాడు. దాన్ని బండెక్కించుకుని తీసుకెళ్తుంటే వీధంతా బయటికొచ్చి చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చాను. సంతోషంతోనే ఏడుస్తున్నాననుకున్నాను.

వారం గడిచాక సాయిదుర్గ ఫోను చేసింది.

"బావున్నావా అమ్మా?" అన్నాను.

"బానే ఉన్నానమ్మా. ఎవరూ ఎదురు మాట్లాడరు. ఆయన పొద్దున్నే నా కాళ్ళకి దణ్ణం పెట్టి మిల్లుకెళ్తారు. రాత్రుళ్ళు వరండాలో చాపేసుకుంటారు. నా గదిలోకి రావాలంటే భయమంట."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"అమ్మా, ఆ రోజు నేను చూసింది పుట్టగొడుగుల్నే" అంది అది. "రెండోనాటికే తెలిసింది నాకు. నువ్వు తెలీదన్నావని వీళ్ళు చెప్పుకుంటుంటే నేనూ ఊరుకున్నాను. నెహెమ్యా తాత ఎక్కడున్నాడమ్మా?"

ఆ ప్రశ్న నన్ను పడుకోనివ్వలేదు. అన్నం కూడా సయించలేదు. కూతురి కాపురం కోసం ఒక మనిషి పేరు మట్టిలో తొక్కాను. ఆ కాపురం చూస్తే ఇలా ఉంది. సరే, మింగింది చాలు, కక్కేద్దామనుకున్నాను. దానికే ఫోను చేసి చెప్పాను. "నీ ఇష్టమమ్మా" అంది, నెహెమ్యా అన్నట్టే.

ఆషాఢం చివరి ఆదివారం ఊరంతా గట్టు మీదే ఉంది. అమ్మవారు మళ్ళీ పలుకుతుందని పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు. అల్లుడు సాయిదుర్గని తీసుకొచ్చాడు. రాజుగారు కుర్చీ వేయించుకున్నారు. నేను పొద్దున్నే గులాబీ మళ్ళలోకి వెళ్ళాను. తవ్వేసిన మళ్ళలో గులాబీలు చచ్చిపోయాయి కానీ పుట్టగొడుగులు మాత్రం పేడ ఉన్నచోటల్లా లేచాయి. పళ్ళెం నిండా కోసుకొచ్చి అందరి ముందూ పెట్టాను.

"నేను అబద్ధమాడాను" అన్నాను. "ఆ రోజు నెహెమ్యా దోసిట్లో ఉన్నవి ఇవే. వద్దని చెప్పాడు, నేను వండి అమ్మాయికి పెట్టాను. అది చూసింది ఇవి తిన్న మత్తులో. గట్టమ్మ కాదు, ఎవరూ కాదు. అతను దొంగ కాదు."

ఊరి పెద్దాయన సాయిదుర్గ వైపు తిరిగాడు. "నిజమేనా తల్లీ?"

నా కూతురు మొగుడికేసి చూసింది. అతను ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నాడు. పసుపు చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నాకేం గుర్తులేదండీ" అంది.

దాని తప్పు లేదు. ఆ మాట నా దగ్గర నేర్చుకుందే.

"మతి పోయింది మంగాయమ్మకి" అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. "అమ్మవారి మీద అపవాదేంటండి, కళ్ళుపోతాయి" అన్నారెవరో. నాకు తిక్క రేగింది. ఇంత వయసొచ్చాక మొదటిసారి నిజం చెబుతుంటే వినరా అనిపించింది.

"నమ్మకపోతే చూడండి" అన్నాను. "మీ ఎదుటే తింటాను. ఒక గంటలో నేనూ ఊగుతాను. అప్పుడు నేనేం వాగినా అది పుట్టగొడుగు వాగుడే. అది గుర్తుపెట్టుకోండి. నేనిప్పుడే చెబుతున్నాను, తర్వాత చెప్పలేదనద్దు."

"తొందరపడకు మంగాయమ్మా" అన్నారు రాజుగారు. ఆయన మాట వింటే బావుండేది. పచ్చివే నమిలి మింగాను. మట్టివాసన, చేదు. చాపేసుకుని కూర్చున్నాను. జనమంతా నా చుట్టూ కూర్చుని ఎదురుచూశారు.

ముందు గట్టు మెల్లగా పైకీ కిందికీ కదిలింది. చెరువుల రంగు మారింది. తర్వాత కొల్లేరు గట్టు దాటి తోటలోకి వచ్చేసింది. మోకాళ్ళ లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో గులాబీలన్నీ మళ్ళీ పూసి ఉన్నాయి. వాటి మధ్య నడుం వంచి నెహెమ్యా కత్తెరతో ఎండు కొమ్మలు కోస్తున్నాడు. వీపు నావైపు ఉంది. పిలిచాను. తిరగలేదు. నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళాను, ఎంత నడిచినా అంత దూరంలోనే ఉన్నాడు. అబద్ధమాడింది నేనయ్యా, నీ దోసిట్లోవి లాక్కున్నది నేనయ్యా అని చెబుదామని నోరు తెరిస్తే అతని పేరు తప్ప రాలేదు. ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. గొంతు పగిలేదాకా పిలిచాను.

తెలివొచ్చేసరికి నా చీర పసుపునీళ్ళతో తడిసి ఉంది. నెత్తిన వేపాకులు. పాదాలకి ఎవరో పసుపు రాసి బొట్లు పెట్టారు. నా కాళ్ళ దగ్గర అందరికంటే ముందు మోకరిల్లి ఉన్నది మా అల్లుడు.

"ఇంక అనుమానమే లేదండీ" అంటున్నాడు ఊరి పెద్దాయన రాజుగారితో. "పరీక్ష పెట్టినందుకు ఆవిడ మీదకే వచ్చి పలికింది తల్లి. ఎవరు తీశారమ్మా అని మేం అడిగిన ప్రతిసారీ ఒకటే పేరు. నెహెమ్యా, నెహెమ్యా, నెహెమ్యా. తల్లీకూతుళ్ళిద్దరి నోటా ఒకటే పేరు."

రాజుగారు నాకేసి చూడలేదు. "పుట్టగొడుగులు" అన్నాను నేను. గొంతు లేదు. "ముందే చెప్పాను కదా." ఎవరో నా నోటి దగ్గర కొబ్బరినీళ్ళ గ్లాసు పెట్టారు. "అలాగేనమ్మా, అలాగే తల్లీ" అన్నారు.

మర్నాడు పెదవేగి బస్సెక్కాను. దారి అడుగుతూ వెళితే ఒక పామాయిలు తోట గట్టున వాళ్ళ పాక కనిపించింది. విక్టోరియా నన్ను చూసి లోపలికెళ్ళి తలుపేసుకుంది. నెహెమ్యా ఉత్త గెలల కుప్ప పక్కన కూర్చుని కాలికి గుడ్డ కట్టుకుంటున్నాడు. గెల మీద పడిందట. లేవబోయాడు, వద్దన్నాను. నేను కూడా కింద మట్టిలోనే కూర్చున్నాను.

"రెండోసారి కూడా నా పేరే చెప్పారంట కదండీ" అన్నాడు.

"నిన్ను క్షమించమని పిలిచాను నెహెమ్యా. వాళ్ళకి అలా వినిపించింది. ముందు నిజమంతా చెప్పాను, ఎవరూ నమ్మలేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఊరుకోండమ్మగారూ" అన్నాడు. గుడ్డ ముడి వేసి, కాలు ఒకసారి నేలకి ఆనించి చూసుకున్నాడు. "అన్ని తిప్పలు ఎందుకండీ. ఆ రోజు మంగాయమ్మగార్ని అడగండి అన్నాను కదండీ. అప్పుడు అవునంటే సరిపోయేది."

అంతకుమించి ఏమీ అనలేదు. కోపం కూడా లేదు గొంతులో. నేను లేచాను. గెలల కుప్ప మీద బూడిదరంగువి, మంచివి, కొత్తగా లేచి ఉన్నాయి. అవి చూపించి, కావాలంటే కోసుకెళ్ళండి అన్నాడు. నా వల్ల కాలేదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. మా ఊరి ఆడవాళ్ళు ఇద్దరు వెనక సీట్లో ఉన్నారు. నన్ను చూడగానే లేచి నిలబడి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టారు. "నెహెమ్యా దొంగ కాదు" అన్నాను వాళ్ళతో, బస్సంతా వినేటట్టు. "నేనే అబద్ధం చెప్పాను."

ఒకామె భక్తిగా కళ్ళు మూసుకుంది. రెండో ఆమె చంకలో పిల్లని నా ఒడిలో పెట్టి, దీనికి జ్వరం తగ్గడంలేదు, నాలుగు మాటలు చెప్పు తల్లీ అంది.

పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళమని చెప్పాను. అలాగే తల్లీ అంది, కదలకుండా నా నోటికేసే చూస్తూ.